పరదేశమున పుట్టినిల్లు: ఆంధ్ర మహిళాసభ చరిత్రము

మన ఆలంకారికులు నాయికలను ఎనిమిది విధములుగా విభజించిరి. అందు ప్రోషితభర్తృక యొకతె. భర్త దేశాంతరగతుడు కాగా, ఇంటనుండి దినములు లెక్కించుకొను స్త్రీ యని ఆ పదమున కర్థము. కాని తానే దేశాంతరమున నున్న స్త్రీకి ఆ యెనిమిది పేరులలో నొక్కటియు లేదు. ప్రవాసము పురుషునిదనియు, నిరీక్షణము స్త్రీదనియు పూర్వులు తలచిరి కాబోలు. ముప్పది యేండ్లకు పైగా బడిలో ఈ విభాగమును పాఠముగా చెప్పితిని గాని, ఈ లోపము నా కెన్నడును తట్టలేదు. ఉద్యోగ విరమణానంతరము తెలుగు స్త్రీల సమాజముల చరిత్రమును చదువుచుండగా తట్టినది.

మన సంఘ వార్షిక మహాసభా సంచికకు వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, వంశావళిని గూర్చియో గోత్రములను గూర్చియో వ్రాయుమని కొందరు పెద్దలు సెలవిచ్చిరి. అవి వెనుకటి సంచికలలో సమృద్ధిగా వచ్చియున్నవి. నేడు మన యిండ్ల ఆడుబిడ్డలు హైదరాబాదున, బెంగుళూరున, అమెరికాలో కాపురములు చేయుచున్నారు. ప్రతి సంవత్సరమును వారు పంపు విరాళములను మనము చదివి చప్పట్లు కొట్టుచున్నాము. పరదేశమున నున్న స్త్రీకి వలసినదేమి? అట్టి స్త్రీలు కొందరు కూడినచో చేయగలిగినదేమి? ఈ ప్రశ్నలకు మాత్రము మన సంచికలలో చోటు దొరకలేదు. కావున నీ సంవత్సరము మద్రాసు నగరమున తెలుగు స్త్రీలు నిలిపిన ఆంధ్ర మహిళాసభ చరిత్రమును మీ సన్నిధిని నివేదించుచున్నాను. నేను చెప్పబూనిన దొక్కటియే. పరదేశమున నున్న స్త్రీ తాను పోగొట్టుకొన్న పుట్టినింటిని మరియొక స్త్రీకి కట్టి యిచ్చుటయే ఈ చరిత్ర సారము.

మద్రాసునకు పోకముందు, మన పొరుగుననే పుట్టిన యొక మహనీయురాలిని స్మరింపవలసి యున్నది. మన ఎర్రుపాలెమునకు కొలది క్రోసుల దూరమున నందిగామ యున్నది గదా. అచ్చట 1874వ సంవత్సరమున భండారు అచ్చమాంబగారు జన్మించిరి. మునేటి యొడ్డుననున్న పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి కామె యక్క. ఆరేండ్ల ప్రాయముననే తండ్రిని పోగొట్టుకొని, సవతి యన్నగారి యండను నైజాము రాజ్యములోని దేవరకొండ చేరెను. బాల్యముననే వివాహము జరిగెను. భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు. ఆమె బడికి పోయి చదువుకొన్నది కాదు. తమ్ముడు తన యింట నుండి చదువుకొనుచుండగా, అతని ప్రక్కన కూర్చుండి తెలుగును హిందీని నేర్చెను. పిదప సంస్కృతమును, మఱి కొన్ని దేశభాషలను అభ్యసించెను.

కన్న బిడ్డలు పసితనముననే పోయిరి. తెలుగు మాట వినబడని దేశమున, సంతానము లేని యింట, దుఃఖమునకు లోబడి కూర్చుండక, ఆమె అనాథ బాలురను చేరదీసి పెంచెను. ఉత్తమ స్త్రీల చరిత్రములను కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను గ్రంథమును 1901లో వెలువరించెను. 1902లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కూడి ‘బృందావన స్త్రీ సమాజము’ను స్థాపించెను. తెలుగునాట స్త్రీలు తమంతట తాము స్థాపించుకొన్న సమాజములలో నిది మొదటిదని చరిత్రకారుల మతము. మరుసటి యేడు తెలుగు దేశమున నూరూర సంచరించి స్త్రీ సమాజములను నెలకొల్పుటకు పాటుపడెను. 1905వ సంవత్సరము జనవరి మాసమున, ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు, బిలాసపురమున దేహము చాలించెను. అప్పటి కామె వయస్సు ముప్పది యేండ్లు.

అంతకు పూర్వము స్త్రీల కొరకు పురుషులు చేసిన సత్కార్యములు లేకపోలేదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆ మహాత్ముని ఋణము తీరునది కాదు. కాని స్త్రీలు తామే కూడి, తామే లెక్క వ్రాసికొని, తామే తీర్మానించుకొను పద్ధతి అచ్చమాంబగారి వంటి వారితో మొదలైనది. స్వదేశమునకు దూరమైన స్త్రీయే దానికి పూనుకొనుట యాదృచ్ఛికము కాదని నా తలంపు. పుట్టినింట నున్నవానికి పుట్టినింటి విలువ తెలియదు. నీరు లేని చోట నిలిచినవానికి గదా నూతి విలువ తెలియుట!

మన ప్రాంతపు మాటయు ఇచ్చట చెప్పవలసినదే. ఎర్రుపాలెము ఆనాడు నిజాము ప్రభువు రాజ్యమున వరంగల్లు జిల్లాలోనిది. కొలది దూరము పోయిన ఇంగ్లీషువారి రాజ్యము. ఈ వైపున తెలుగువారు స్వదేశముననే పరదేశులవలె నుండిరి. కచ్చేరీ భాష ఉర్దూ. పైచదువుల భాషయు నదియే. 1921 నవంబరులో హైదరాబాదున, మహర్షి కర్వేగారి యధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో తెలుగున మాటలాడబోయిన వక్తను కొందరు గేలి చేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. అదియే క్రమముగా ఆంధ్ర మహాసభ యయ్యెను. 1930లో జోగిపేట మొదలుకొని మహాసభలతో పాటు మహిళాసభలును జరిగినవి. జోగిపేటలో నడింపల్లి సుందరమ్మగారును, 1934లో మన ఖమ్మమున యల్లాప్రగడ సీతాకుమారిగారును అధ్యక్షత వహించిరి. బాలికా విద్యయు, బాల్యవివాహ నిషేధమును ఆ సభల ముఖ్య విషయములు. ఖమ్మము పురమున స్త్రీలు వేదిక నెక్కి అధ్యక్షోపన్యాస మిచ్చి తొంబది యేండ్లు దాటినవి. మన సంఘ వేదికపై నేటికిని స్త్రీలు హారతి పళ్లెములతో మాత్రమే కానవచ్చుచున్నారు. ఈ మాట నిందగా గాక, పెద్దల విచారణకై వ్రాయుచున్నాను.

ఇక మద్రాసు. అది ఆనాడు తెలుగు జిల్లాలతో కూడిన రాజధానికి ముఖ్యపట్టణము. న్యాయస్థానము, విశ్వవిద్యాలయము, ముద్రణాలయములు, వర్తకము, కొంత కాలమునకు సినిమాలు, అన్నియు అచ్చటనే. కావున తెలుగు కుటుంబములు వేలకొలది అచ్చట చేరినవి. పురుషునికి కచ్చేరీ యుండెను, స్నేహితులుండిరి, సభలుండెను. వాని వెంట వచ్చిన స్త్రీకి నాలుగు గోడలును, తెలియని అరవమును మాత్రమే యుండెను. ఆమెకు చదువు లేదు. దుఃఖము వచ్చిన చెప్పుకొన తల్లి దగ్గర లేదు.

ఆ నగరమునకు చేరిన దుర్గాబాయిగారు 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదేండ్లకే వివాహమైనను, ఈడేరిన తరువాత ఆ కాపురమునకు తాను సమ్మతింపక, తండ్రి సోదరుల యండతో స్వతంత్రముగా నిలిచిరి. పండ్రెండేండ్ల ప్రాయమున, 1921లో గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు, దేవదాసీలకును ఘోషా స్త్రీలకును ఆయన దర్శనము కలిగింపవలెనని పట్టుబట్టి సాధించిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు సమయమున ప్రదర్శనశాల ద్వారమున సేవికగా నిలిచి, టిక్కెట్టు లేకుండ వచ్చిన జవహర్లాలు నెహ్రూగారిని లోనికి పోనీయలేదు. టిక్కెట్టు కొన్న పిమ్మటనే విడిచిరి. ఈ కథను పిల్లలకు ధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుదుము. నాకు మాత్రమిది లెక్కకు ఉదాహరణముగా తోచును. ప్రజల సొమ్మునకు కావలి యున్నవారు ముఖము చూడరాదు. ఈ గుణమే పిదప సభకు పునాది యైనది.

1930లో ఉప్పు సత్యాగ్రహమున మద్రాసునందు పాల్గొని ఆమె చెరసాలకు పోయెను. వేలూరు, మధుర కారాగారములలో గడపెను. విడుదల యైన పిదప రాజకీయములను కొంత కాలము విడిచి చదువునకు మరలెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ఇంటనే చదివి కూర్చుండెను. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరబోగా, బాలికలకు వసతి లేదనిరి. చదువగోరు బాలికలను తానే కూడగట్టి, వసతిగృహము నేర్పడునట్లు చేసి, రాజనీతిశాస్త్రమున పట్టము పొందెను. పిదప మద్రాసున న్యాయశాస్త్రము చదివి న్యాయవాది యయ్యెను. చదువు మధ్యలో తెగినవారు మరల చదువగలరనుటకు ఆమె జీవితమే ప్రమాణము. ఇది తరువాతి కథకు మూలము గనుక పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

1937వ సంవత్సరమున మద్రాసు మైలాపూరులో దుర్గాబాయిగారు ఇరుగుపొరుగు తెలుగు బాలికలను చేర్చి ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అను చిన్న సమాజమును నెలకొల్పిరి. ముప్పది యైదేండ్ల క్రిందట మచిలీపట్టణమున వెలసిన సమాజమునకును బృందావనమే పేరు. పేరుల సామ్య మట్లుండనిండు, కార్యము నొక్కటియే. తాను వ్రాసిన కాశీ పరీక్షకే ఆ బాలికలను సిద్ధము చేయ నారంభించిరి. చదువుతో పాటు ఆటపాటలును, కుట్టుపనియు, హిందీయు నుండెను. బాలికల వెంట తల్లులు వచ్చిరి. తల్లుల వెంట వితంతువులును, భర్తృత్యక్తలును వచ్చిరి. చిన్న సమాజము ఆంధ్ర మహిళాసభ యయ్యెను.

మొదట పని పుట్టెను. పిదప భవనము పుట్టెను. మన సంఘములలో తరచుగ దీనికి విపర్యయము జరుగుచుండును. ముందు శిలాఫలకము, పిదప భవనము, ఆ పిదప ఏమి చేయుదమని యాలోచన. ఆంధ్ర మహిళాసభ భవనమునకు గాంధీ మహాత్ముడు 1946లో మద్రాసు వచ్చినప్పుడు శంకుస్థాపన చేసెను. అప్పటికి సభ పని చేయుచు తొమ్మిదేండ్లు. ఆ మధ్యకాలమున అది చిన్నచిన్న చందాలతోను, ఇంటింటికి తిరిగి తెచ్చిన విరాళములతోను, నాటకముల వసూళ్లతోను నడచినది. జమీందారిణులును ఇచ్చిరి, గుమాస్తాల భార్యలును ఇచ్చిరి. ‘ఆంధ్ర మహిళ’ యను పత్రికను గూడ దుర్గాబాయిగారు నడపిరి.

సభ చేసిన పనులలో నాకు శిరోధార్యముగా తోచునది వయోజన స్త్రీల సంక్షిప్త విద్య. బాల్యమున బడి మానిన స్త్రీని మరల మొదటి తరగతిలో కూర్చుండబెట్టిన నామె సిగ్గుచే పారిపోవును. ఆమెకు వయస్సు చేత వచ్చిన బుద్ధి యున్నది. దానిని ఆధారముగా గొని, అనవసరములను తగ్గించి, రెండేండ్లలో పరీక్షకు సిద్ధము చేయవచ్చును. ఇదియే ఆ పద్ధతి. చదువు ముగించినవారు దాదులుగను, ఉపాధ్యాయినులుగను, గ్రామసేవికలుగను జీవనము సంపాదించుకొనిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడగా దుర్గాబాయిగారు దాని మొదటి అధ్యక్షురాలైరి. మైలాపూరున పరీక్షింపబడిన ఆ సంక్షిప్త విద్యాపద్ధతిని ఆ మండలి 1958లో దేశమంతటికిని వ్యాపింపజేసెను. ప్రవాసాంధ్ర స్త్రీల యింటి పని భారతదేశపు పనియైన విధమిది.

మరియొక సంగతి. దుర్గాబాయిగారు బాల్యమున విడిచివచ్చిన భర్త పిదప వేరొక స్త్రీని పెండ్లాడి, కొంత కాలమునకు మరణించెను. ఆ వితంతువు అత్తింట నిరాదరణకు పాలుకాగా, దుర్గాబాయిగారే ఆమెను చేరదీసిరి. ఆమె సభలో చేతిపనులు నేర్చి, ఇతరులకు నేర్పగల ఉపాధ్యాయిని యయ్యెను. లోకరీతిని విచారించిన వీరిద్దరికిని పడరాని సంబంధము. సభా ద్వారమున మాత్రము వచ్చిన స్త్రీ ఎవరి భార్య, ఎవరి కోడలు అను ప్రశ్న లేదు. ఏమి నేర్చుకొందువమ్మా యనునదే ప్రశ్న.

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మవతరించెను. మద్రాసు తమిళుల భాగమున మిగిలెను. సభ ఉన్న చోటనే యుండి పరరాష్ట్రమున పడినది. ఈ స్థితి మన కపరిచితము కాదు. ఆ దినముననే వరంగల్లు నుండి విడదీసి ఖమ్మము జిల్లాను ఏర్పరచిరి. 1956 నవంబరు 1న మనము ఆంధ్రప్రదేశమువార మైతిమి. భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనుండి, పిదప ఖమ్మమున చేరెను. 2014 జూన్ 2 నుండి తెలంగాణ రాష్ట్రమువారము. ఊరు కదలకయే రాజ్యములు మారినవారము మనము. అట్టి సమయమున రెండు మార్గములుండును: తలుపు మూసికొని మనవారి కొరకు మాత్రము బ్రదుకుట, లేక తలుపు తెరచి ఆ నేలవారి కందరికిని ఉపయోగపడుట. సభ రెండవదానిని కైకొనెను. ఆంధ్ర నామము మార్చుకొనలేదు; అరవ స్త్రీని రావలదనలేదు. ప్రసూతి వైద్యము, దాదుల శిక్షణము, అవయవ లోపముగల పిల్లల చికిత్స మొదలగు పనులను భాషాభేదము లేక జరిపినది. తరువాత హైదరాబాదునను శాఖ నెలకొల్పి కళాశాలను, ఉపాధ్యాయ శిక్షణాలయమును, వైద్యశాలను, సాక్షరతా భవనమును నిలిపినది. చెన్నపట్టణమున సభ యున్న రాజమార్గము నేడు దుర్గాబాయి దేశముఖ్ పేరిట పిలువబడుచున్నది. అరవవారు తమ వీథికి తెలుగు వనిత పేరు పెట్టుకొనుట కన్న గొప్ప యోగ్యతాపత్రమేమి కావలెను? ఆమె 1975లో పద్మవిభూషణ బిరుదము నందెను. 1981 మే 9న కీర్తిశేషురా లయ్యెను.

ఇంతవరకు పరుల చరిత్రము. ఇక నా తప్పు నొకదానిని మీ ముందుంచి ముగింతును. 1994 ప్రాంతమున, నేను పాఠశాలలో పని చేయుచుండగా, ఇరువది నాలుగేండ్ల యువతి యొకతె చంకను బిడ్డతో సాయంకాలము బడి వసారాలోనికి వచ్చినది. భర్త పోయినాడు. ఏడవ తరగతితో చదువాపినది. “పంతులుగారండీ, పదో తరగతి పరీక్షకు నేను కూర్చోవచ్చునా అండీ?” అని అడిగినది. నేను పుస్తకము నుండి తలయెత్తి, “ఇప్పుడు చదువేమిటమ్మా! పిల్లదానిని బాగుగా చూచుకో” అంటిని. కఠినముగా ననలేదు, దయతోననే యనుకొంటిని. ఆమె నమస్కరించి పోయినది.

అప్పటికి సంక్షిప్త విద్య దేశమున వ్యాపించి ముప్పది యారేండ్లు. సార్వత్రిక పాఠశాలయు మన రాష్ట్రమున 1991లోనే స్థాపింపబడినది. ఆ యువతి యడిగిన ప్రశ్నకు మైలాపూరులో 1937లోనే సమాధానము చెప్పియుండిరి. నేను కాళిదాసును చదివినవాడను గాని, ఆ సమాధానమును చదువలేదు. ఆమె నేటికిని మిరపకోతలకు కూలికి పోవుచున్నది. ఆ మధ్య కనబడినప్పుడు నేనే ఆ మాట యెత్తి, తప్పుగా చెప్పితినంటిని. “మీరు వద్దన్నారు గదా పంతులుగారండీ, పెద్దవారు చెప్పినారని మానుకున్నాను” అని నవ్వినది. ఆ నవ్వులో కోపము లేదు. ఉండిన నాకు తేలికగా నుండెడిది.

మహాజనులారా, పోషకులారా! మన సంఘము ప్రతి సంవత్సరమును ప్రథమశ్రేణిలో నుత్తీర్ణులైన విద్యార్థులకు పతకము లిచ్చుచున్నది. అది మంచి పని. పరుగెత్తువానికి పతకమిచ్చుట సులభము; పడినవారికి చేయి యిచ్చుటయే ధర్మము. మన భవనమున సాయంకాలములందు ఖాళీగా నుండు గది యొక్కటి చాలును. మనలో విశ్రాంత ఉపాధ్యాయులు పలువురున్నారు. చదువాగిన స్త్రీలకు అచ్చట పాఠములు చెప్పుదము. దూరదేశములనున్న మన ఆడుబిడ్డలు విరాళములు పంపుటయే గాక, దూరవాణిలో పాఠములును చెప్పగలరు. వారును పరదేశమున పుట్టినింటిని వెదకువారే. లెక్కల పుస్తకము మాత్రము స్త్రీల చేతనే యుండవలెను. కాకినాడ ద్వారమున నిలిచిన బాలికను తలచికొని, ఎంత పెద్దవాడైనను టిక్కెట్టు లేక లోనికి రానీయరాదు.

కడపటి మాట. ఆ గది తలుపు మన కులమువారికే యని వ్రాయవలదు. కులసంఘ సంచికలో నిట్లు వ్రాయుట సాహసమని యెరుగుదును. కాని పుట్టినింటికి వచ్చిన ఆడుబిడ్డను గుమ్మమున నిలిపి గోత్ర మడుగువారు లేరు. నాడు నా వసారాలోనికి వచ్చిన యువతి కులమేదియో నే నడుగలేదు. ఆ యొక్క పని మాత్రము నేను సరిగా చేసితిని.

జమలాపుర వేంకటేశ్వరస్వామి అనుగ్రహమున మన మహాసభ జయప్రదమగుగాక! రాబోవు సంచికలో నీ విషయమును వ్రాయు భాగ్యము ఆ గదిలో చదివిన యొక స్త్రీకి కలుగుగాక!